పాట ముందు, సినిమా తర్వాత

వాన పాటలు, అమ్మ పాటలు, ప్రయాణం పాటలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి. అవి ఇప్పుడు యాప్‌లే తయారుచేసి పెడుతున్నాయి. నాకు మాత్రం ఏ యాప్‌కీ తట్టని కారణంతో పాటల్ని ఒకచోట చేర్చడమంటే ప్రాణం.

తమ్ముడి పెళ్ళయ్యాక ఒకటి చేశాను. దాని పేరు 'పెళ్ళివారు వెళ్ళిపోయాక'. షామియానా విప్పేశారు, అరిసెల డబ్బాలు సగం ఖాళీ, ఇల్లంతా మల్లెపూల వాసన, మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. ఆ పూటకి సరిపోయే పాటలు కావాలి. అప్పగింతల పాటలు వద్దనుకున్నాను, అవి ఏడిపిస్తాయి. 'మేఘసందేశం'లో సుశీల పాడిన 'ఆకులో ఆకునై' పెట్టాను. తర్వాత పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ పెట్టాను. మూడ్‌ని బట్టి ఎంచేటప్పుడు రుజువులేమీ ఉండవు, చెవి ఒప్పుకుందా లేదా అన్నదే లెక్క.

ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. దీనికి గట్టి నియమం ఉంది. పాట ముందు వచ్చి ఉండాలి, తర్వాత ఆ పాటలోని మాటలే ఇంకో సినిమాకి పేరు కావాలి. 'బృందావనం' లాంటి ఏ పాటలోనైనా దొరికే మాటలు లెక్కలోకి రావు. సినిమా పేరు వినగానే పాట నోటికి రావాలి.

పాటల్ని అక్షరక్రమంలో పెట్టలేదు, విడుదలైన ఏడాది ప్రకారమూ పెట్టలేదు. పాటకీ సినిమాకీ మధ్య ఎన్నేళ్ళు గడిచాయో చూసి, తక్కువ నుంచి ఎక్కువకి వరస కట్టాను. అలా పెడితే ఏమవుతుందో విన్నాకే తెలిసింది.

మొదటిది 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా'. 2004లో 'వర్షం'లో త్రిష వానలో ఆడిన పాట. ఆ తడి ఆరకముందే, 2005లో, అదే పేరుతో సినిమా వచ్చేసింది. అందులోనూ త్రిషే, సంగీతం మళ్ళీ దేవిశ్రీప్రసాదే. తర్వాత 'పిల్లా నువ్వు లేని జీవితం'. 2012లో పవన్ కల్యాణ్ 'గబ్బర్ సింగ్'లో పాట, 2014లో సాయి ధరమ్ తేజ్ సినిమా. మేనమామ పాట మేనల్లుడి ఇంటికి చేరిందన్నమాట.

అక్కణ్ణుంచి ఒక్కసారిగా వెనక్కి వెళ్తాం. 1996 నాటి 'నిన్నే పెళ్ళాడతా' ఒక్కటే రెండు పేర్లిచ్చింది: 'ఎటో వెళ్ళిపోయింది మనసు' 2012లో, 'గ్రీకువీరుడు' 2013లో. 'రాక్షసుడు' (1986) పాట 'మళ్ళి మళ్ళి ఇది రాని రోజు' 2015లో సినిమా అయింది. 'బందిపోటు' (1963)లో ఘంటసాల, సుశీల పాడిన 'ఊహలు గుసగుసలాడే' యాభై ఏళ్ళు దాటాక, 2014లో, మళ్ళీ పోస్టర్ మీదికెక్కింది.

వింటూ పోతుంటే పాటలు ముసలివవుతూ ఉంటాయి. డ్రమ్స్ తగ్గిపోతాయి, వాద్యాలు వెనక్కి జరుగుతాయి, గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది. కారులో సౌండ్ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఈ మార్పు కోసమే నాకా వరస అంత ఇష్టం.

అన్నిటికన్నా ఎక్కువ పేర్లు 'మాయాబజార్' ఇచ్చింది. 'అహ నా పెళ్ళంట' (1987), 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ' (రెండూ 1988), మూడూ జంధ్యాల సినిమాలే. 2002లో 'లాహిరి లాహిరి లాహిరిలో'. జంధ్యాల నవ్వుల సినిమాలకి ఆ పేర్లు ఎంత బాగా కుదిరాయో! పాటలోని సంబరం ముందే మనకి తెలుసు కాబట్టి, పేరు చదవగానే ముఖం విప్పారుతుంది.

తెనాలి వెళ్ళే దారిలో అమ్మకి వినిపించాను. 'రావోయి చందమామ' రాగానే, "ఇది రామారావు పాట కదే, నాగార్జున సినిమా అంటావేంటి?" అంది. 1999లో వచ్చిందమ్మా అంటే నమ్మలేదు. ఆ పాట 'మిస్సమ్మ'లోది. ఇంకొన్ని పాటలయ్యాక అదే 'మిస్సమ్మ' నుంచి 'బృందావనమది అందరిది'. ఇందులో సినిమా పేరు మొదట్లో లేదు. కాసేపు ఆగితే ఏ.ఎం.రాజా, సుశీల గొంతుల్లో 'గోవిందుడు అందరివాడేలే' అని వస్తుంది. "ఓహో, రామ్‌చరణ్‌ది!" అని వెనక సీట్లోంచి అమ్మే ముందు అరిచింది. 1955 పాట, 2014 సినిమా. తీసింది కృష్ణవంశీ, అంటే 'నిన్నే పెళ్ళాడతా' తీసినాయనే. తన సినిమా పాటల్ని వేరేవాళ్ళు పేర్లుగా పెట్టుకున్నాక ఆయనా వెనక్కి వెళ్ళి, 'మిస్సమ్మ' పాటలు రాసిన పింగళి మాటని తెచ్చుకున్నారు. ఈ గొలుసు కనబడినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

చిక్కంతా 'సామజవరగమన'తో వచ్చింది. సినిమా 2023లో వచ్చింది. 'అల వైకుంఠపురములో' పాటని లెక్కేస్తే అది ముందు వరసలో ఉండాలి. 1980 నాటి 'శంకరాభరణం' పాటని లెక్కేస్తే వెనక్కి పోవాలి. త్యాగరాజస్వామి కీర్తనని లెక్కేస్తే మిగతా పాటలన్నీ దాని ముందు పసిపిల్లలే. ఒక్కటే ఉంచమని తమ్ముడంటాడు. నేను ఒప్పుకోలేదు. మూడింటినీ వాటి వాటి చోట్లలో పెట్టాను. సిద్ శ్రీరామ్ పాట ముందు, బాలు, జానకిల పాట నడుమ, హిందోళ రాగంలో కచేరీ కీర్తన అన్నిటికన్నా చివర.