ఫోను పోయినా వరుస పోకూడదు

నిలువ నీడ లేనివారికి ఇల్లు దక్కించే మొబైల్ యాప్ ఒకటి డిజైన్ చేస్తూ ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. మా మొదటి నమూనా చూడముచ్చటగా ఉండేది. రంగుల మ్యాపు, గదుల ఫోటోలు, వేలితో పక్కకు జరుపుకుంటూ చూసే వీలు, అన్నీ ఉన్నాయి. దాన్ని పట్టుకుని ఒక షెల్టర్‌కు వెళ్లి అక్కడున్న పెద్దాయన చేతికిచ్చాను. అద్దం పగిలిన తన ఫోను ఒళ్లో పెట్టుకుని, నా ఫోనులోని మ్యాపును కాసేపు అటూ ఇటూ జరిపి చూశారు. తరువాత అడిగారు: "ఇందులో నా పేరెక్కడుందమ్మా?"

ఆయన పేరు అందులో లేదు. ఎనిమిది నెలల కిందట పెట్టుకున్న దరఖాస్తు ఎవరి బల్ల మీద ఆగిందో, తనకు ముందు ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలియాలి. నేను చూపించింది ఖాళీ గదుల బొమ్మలు. అద్దె ఇల్లు వెతుక్కునేవారికి పదింటిలో ఒకటి ఎంచుకునే వీలు కావాలి. ఆయన ఎంచుకునే స్థితిలో లేరు, వరుసలో ఉన్నారు. ఆ రాత్రే మ్యాపు తీసేశాం. ఇప్పుడు యాప్ తెరవగానే కనిపించేది దరఖాస్తు ఎంతవరకు వచ్చిందన్నది, ఇంకా ఏ కాగితం ఇవ్వాలన్నది. అంతే.

అసలు దెబ్బ తరువాత తగిలింది. షెల్టర్‌లో మాకు సాయపడుతున్న ఒకావిడ చాలా నెలలు రీచార్జి చేయించలేకపోయింది. సిమ్ ఆగిపోయింది, కొంతకాలానికి ఆ నంబరు ఇంకెవరికో వెళ్లింది. "మీకు గది కేటాయించాం, మూడు రోజుల్లో జవాబివ్వండి" అన్న సందేశం ఆ కొత్త మనిషికి చేరింది. జవాబు రాలేదు కాబట్టి ఆవిడ పేరు జాబితా అడుగుకు జారింది. ఓటీపీ కూడా ఆ పాత నంబరుకే పోతుంది కనుక ఆవిడ తన ఖాతా తెరిచి చూసుకునే దారి కూడా లేదు. రెండేళ్లు ఎదురుచూసిన గది అలా చేజారింది. ఆ కబురు విన్న రోజు నుంచి మా డిజైన్‌కు ఒకటే నియమం పెట్టుకున్నాను: ముఖ్యమైనదేదీ ఫోనులో ఉండకూడదు, ఫోను నంబరుకు కట్టేసి ఉండకూడదు.

వీధిలో బతికేవారి ఫోను నిలవదు. నిద్రలో తల కింది నుంచి లాగేస్తారు, వానకు తడుస్తుంది, కష్టమొచ్చినప్పుడు అమ్ముకోవలసి వస్తుంది. అందుకని ఖాతాను మనిషికి కట్టాం. ప్రతి ఒక్కరూ తమకు గుర్తుండే మూడు మామూలు మాటలు ఎంచుకుంటారు. ఫోను పోతే ఏ షెల్టర్‌కైనా వెళ్లి, ఆ మాటలు చెప్పి, తమను ఎరిగిన షెల్టర్ కార్యకర్త ఒకరు సాక్ష్యం పలికితే చాలు, దరఖాస్తు మళ్లీ తెరుచుకుంటుంది. గుర్తింపు పత్రాల ఫోటోలు ఫోను గ్యాలరీలో మిగలవు, తాళం వేసిన సర్వర్‌కు వెళతాయి. ఒక్కో ప్రశ్నకు జవాబిచ్చిన క్షణమే అది భద్రమవుతుంది. బ్యాటరీ మధ్యలో అయిపోయినా మళ్లీ మొదటి నుంచి నింపే పని లేదు. ఛార్జింగు కోసం గంటలు తిరిగే మనిషి చేత ఒకే ఫారం రెండుసార్లు నింపించడం క్రూరత్వమని నా నమ్మకం.

గది దొరికిందన్న కబురు మాత్రం ఒక్క దారిని నమ్ముకుని పంపం. ఎస్సెమ్మెస్ వెళుతుంది, వాయిస్ కాల్ వెళుతుంది, ఆ మనిషి పేరు కార్యకర్త తెరపైన కూడా కనిపిస్తుంది. ఎస్సెమ్మెస్ రాయడం కూడా ఒక విద్యే. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగు వంటి లిపులైతే 70 స్థానాలే. గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క మాటే ఆరు స్థానాలు తింటుంది. ఏ పలకరింపూ లేకుండా, ఎవరిని కలవాలో, ఏ రోజు లోపు కలవాలో మాత్రమే రాస్తున్నాం.

ప్రశ్నల మాటలతోనూ చాలా పెనుగులాడాం. "మీరు నిరాశ్రయులా?" అని అడిగితే స్నేహితుడి ఇంట్లో నేల మీద పడుకునే కుర్రవాడు కాదన్నాడు. ఆటోలో నిద్రపోయే డ్రైవరూ కాదన్నాడు. యూరప్‌లో ఈ రంగంలో పనిచేసే సంస్థల సమాఖ్య ఫియాంట్సా 2005లో ఈథోస్ అనే వర్గీకరణ తెచ్చింది. తలపై కప్పే లేనివారితో పాటు, షెల్టర్లలో ఉండేవారిని, ఎప్పుడు ఖాళీ చేయమంటారోనన్న భయంతో ఉండేవారిని, మనుషులు ఉండదగని చోట బతికేవారిని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ఇద్దరూ అందులో ఉన్నారు, కానీ ఆ పేరుతో తమను తాము పిలుచుకోలేరు. ఇప్పుడు మా మొదటి ప్రశ్న ఇది: "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?" దీనికి జవాబు అందరి దగ్గరా ఉంటుంది.

తాగుడు అలవాటుందా, పని చేస్తున్నారా అన్న ప్రశ్నలు పాత ఫారంలో అన్నిటికన్నా పైన ఉండేవి. వాటిని అక్కడి నుంచి తీయించడానికి నేను గట్టిగా వాదించాను. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పద్ధతిలో ముందు ఇల్లు ఇస్తారు, చికిత్సైనా ఉద్యోగమైనా ఆ తరువాతి సంగతి. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్నే జాతీయ విధానంగా నడిపి, ఏళ్ల తరబడి ఇల్లు లేకుండా ఉన్నవారి సంఖ్యను బాగా తగ్గించింది. తలుపుకు గొళ్లెం వేసుకుని ఒక రాత్రి నిశ్చింతగా నిద్రపోయిన మనిషికి మందులు వేళకు వేసుకోవడం సులువవుతుంది. ఆ వరుసను ఫారం తిరగేయకూడదు.

లొకేషన్ విషయంలో జట్టులో గొడవైంది. మనిషి ఎక్కడున్నాడో తెలిస్తే దగ్గరి పడక చూపించవచ్చని సహోద్యోగి వాదన. భర్త కొట్టే దెబ్బలకు ఇల్లు వదిలి వచ్చినవారు కూడా ఈ యాప్ వాడతారని నా వాదన. చివరికి లొకేషన్ అడగకూడదనే నిర్ణయించాం. ఐకాన్‌పై ఇంటి బొమ్మ లేదు, నోటిఫికేషన్‌లో 'షెల్టర్' అన్న మాట రాదు.

బటన్ల పరిమాణం చిన్న విషయంలా కనిపిస్తుంది. తెరపై ఉన్నదాన్ని వైకల్యం ఉన్నవారు కూడా వాడగలిగేలా ఎలా తయారుచేయాలో చెప్పే డబ్ల్యూకాగ్ ప్రమాణం, 2023లో వచ్చిన 2.2 రూపంలో, కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, ఎత్తు ఉండాలంటుంది. మేము దాన్ని రెట్టింపు కన్నా పెంచాం. పెద్దాయన ఫోనులో కింది అంగుళం మేర స్పర్శే పనిచేయదు కాబట్టి, ముఖ్యమైన బటన్‌ను అడుగు నుంచి మధ్యకు తెచ్చాం.

ఆ పెద్దాయన గత నెల మళ్లీ వచ్చారు. ఫోను పోయిందట. కార్యకర్త ఫోనులో తన మూడు మాటలు చెప్పారు, ఖాతా తెరుచుకుంది. వరుసలో 31వ స్థానంలో ఉన్న ఆయన 12కు వచ్చారు. ఆ అంకెను వేలితో తాకి, "ఉన్నానన్నమాట" అన్నారు. ఆయనకు ఇంకా గది రాలేదు. వచ్చినప్పుడు జవాబివ్వడానికి మూడు రోజుల గడువు చాలదని, కార్యకర్త స్వయంగా వెళ్లి వెతికేదాకా పేరు కిందికి జారకూడదని జాబితా నడిపేవారితో ఈ వారం మాట్లాడుతున్నాం. వాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.