టాహోలో అత్తయ్యగారి కిటికీ

కాలిఫోర్నియా బే ఏరియా తెలుగువాళ్ళకి స్కీయింగ్ అంటే టాహోనే, పెద్ద సరస్సు చుట్టూ మంచుకొండలున్న చోటు. మా ఫ్రీమాంట్ నుంచి సుమారు 200 మైళ్ళు. రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగు గంటల్లోపు చేరిపోవచ్చు. శుక్రవారం సాయంత్రం, అందులోనూ మంచు పడుతున్నప్పుడు బయల్దేరితే ఎప్పటికి చేరతామో ఆ దేవుడికే తెలియాలి. మేం మామూలుగా చీకటితో లేచి వెళ్ళి, పగలంతా స్కీయింగ్ చేసి, రాత్రికి ఇల్లు చేరే రకం. ఈసారి అమలాపురం నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. ఇద్దరికీ డెబ్భై దగ్గర పడింది. మంచుకొండలు చూడాలని మామయ్యగారి కోరిక. “లంబసింగి చూసొచ్చాం కదండీ, మళ్ళీ ఇంకో చలి ఎందుకూ?” అని అత్తయ్యగారి వాదన.

“ఈ ఒక్కసారికి డబ్బు సంగతి పక్కన పెడదాం, మంచి హోటలే చూద్దాం” అన్నారు మా ఆయన. అని, వెంటనే లాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్ తెరిచారు.

మొదట హెవెన్లీ అనే స్కీ రిసార్ట్ చూశాం. కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దు మీద ఉంటుంది. సౌత్ లేక్ టాహో ఊళ్ళోంచే గొండోలా (తీగ మీద వేలాడుతూ వెళ్ళే క్యాబిన్) ఎక్కితే 2.4 మైళ్ళు పైకి తీసుకెళ్తుంది. 22 మైళ్ళ పొడవు, 1,645 అడుగుల లోతు ఉన్న సరస్సు పైనుంచి ఎలా కనిపిస్తుందో చెప్పక్కర్లేదు. కానీ హోటళ్ళన్నీ కింద ఊళ్ళో, కాసినోల పక్కన. పైకి వెళ్ళినవాళ్ళు పైనే, కింద ఉన్నవాళ్ళు కిందే. మేం స్కీయింగ్ చేస్తుంటే పెద్దవాళ్ళిద్దరూ రోజంతా ఏం చెయ్యాలి, స్లాట్ మెషిన్ల ముందు కూర్చోవాలా?

తర్వాత పాలిసేడ్స్ టాహో. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన చోటు. ఈ పేరు పెట్టింది 2021లో. కొండ కింద మంచి రిసార్టే ఉంది. అయితే ఆ కొండకి పేరొచ్చిందే నిట్టనిలువు వాలుల వల్ల. పైనుంచి చూస్తేనే నాకు కాళ్ళు వణుకుతాయి.

మూడోది నార్త్‌స్టార్. స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ళు దీన్ని ‘ఫ్లాట్‌స్టార్’ అని ఎగతాళి చేస్తారు. నాకు అదే నచ్చింది. నేర్చుకునేవాళ్ళ వాలు కొండ అడుగున కాకుండా సగం ఎత్తులో ఉంటుంది. 2009లో కట్టిన రిట్జ్ కార్ల్‌టన్ కూడా కొండ మధ్యలోనే ఉంది. అంటే స్కీయింగ్ చెయ్యనివాళ్ళు కూడా కొండ మీదే, వెచ్చగా కూర్చుని ఉండొచ్చు. ఇలాంటి ట్రిప్‌లో హోటల్ ఎంచుకోవాల్సింది స్కీయింగ్ చేసేవాళ్ళ కోసం కాదు, చెయ్యనివాళ్ళ కోసమే. మేమెలాగూ పగలంతా బయటే ఉంటాం. ఆ గదీ, ఆ కిటికీ, ఆ సోఫా వాడుకునేది వాళ్ళే కదా.

ఇక ధర. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం ఇక్కడ చాలా స్కూళ్ళకి సెలవు, దానికి ‘స్కీ వీక్’ అనే పేరు. ఆ వారం హోటల్ రేటు చూసి మా ఆయన షీట్ మూసేశారు. రాత్రికి వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటేసింది. అదే గది జనవరి చివర్లో, ఆదివారం రాత్రి నుంచి అయితే దాదాపు సగానికి వచ్చింది. పాపకి స్కూలు పోతుంది, పోనీ అనుకున్నాం. చూపించే ధర వేరు, చివరికి కట్టే ధర వేరు: రిసార్ట్ ఫీజు, వాలే పార్కింగ్, పన్ను అన్నీ కలుపుకుని లెక్కేసుకోండి. కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ టికెట్ మాత్రం అక్కడికెళ్ళి కొంటే నిలువు దోపిడీయే, రద్దీ రోజుల్లో ఒక్కరికే 200 డాలర్ల పైన. ముందే కొనుక్కునే లిఫ్ట్ పాస్‌లు, అంటే ఎపిక్ డే పాస్‌లు, డిసెంబర్ మొదట్లో అమ్మకం ఆపేస్తారు, ఆలోపే కొనుక్కోవాలి. మేం దీపావళికే కొనేశాం.

ఆదివారం పొద్దున్నే ఐ-80 హైవే ఎక్కాం. శాక్రమెంటో దాకా ఎండ. కోల్‌ఫాక్స్ దాటాక పైన్ చెట్ల కింద తెల్లగా కనపడటం మొదలైంది. కింగ్‌వేల్ దగ్గరకొచ్చేసరికి కార్లన్నీ ఆగి ఉన్నాయి: చెయిన్ కంట్రోల్ (మంచులో జారకుండా టైర్లకి గొలుసులు వేయించే తనిఖీ), ఆర్-2. అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ అందే బండికి (ఫోర్ వీల్ డ్రైవ్) మంచు టైర్లుంటే చెయిన్లు వెయ్యకుండా వదిలేస్తారు, కానీ డిక్కీలో చెయిన్లు ఉండి తీరాలి. మిగతావాళ్ళు దిగి వేసుకోవాల్సిందే. చేతకాకపోతే రోడ్డు పక్కన నంబర్ల జాకెట్లు వేసుకున్నవాళ్ళు డబ్బులు తీసుకుని బిగిస్తారు. ఆఫీసరు వంగి మా టైరు మీద మంచు టైరని తెలిపే ‘ఎం ప్లస్ ఎస్’ గుర్తు చూసి చెయ్యి ఊపాడు. అక్కణ్ణించి 30 మైళ్ళ వేగమే.

“మన ఘాట్ రోడ్డు మీద లారీవాడు కూడా ఇంత నెమ్మదిగా వెళ్ళడర్రా” అన్నారు మామయ్యగారు. కానీ చెయ్యి మాత్రం తలుపు పైనున్న హ్యాండిల్ వదల్లేదు.

7,239 అడుగుల డానర్ శిఖరం దాటి దిగాక, డానర్ స్మారక పార్కులో ఆగాం. 1846లో కాలిఫోర్నియాకి బళ్ళ మీద వలస వస్తూ ఇక్కడ మంచులో చిక్కుకుపోయినవాళ్ళలో బతికి బయటపడ్డది సగానికి కాస్త పైన. స్మారక విగ్రహం కింది దిమ్మె 22 అడుగుల ఎత్తు. ఆ చలికాలం మంచు అంత ఎత్తున పేరుకుందని గుర్తు. మామయ్యగారు మెడ వెనక్కి వంచి దాని కొస దాకా చూశారు. తిండి లేక వాళ్ళేం తిన్నారో అత్తయ్యగారికి చెప్పలేదు, అప్పుడే పులిహోర డబ్బా తీస్తున్నారు మరి.

హోటల్ లాబీలో పైకప్పు దాకా లేచిన రాతి పొయ్యి, దాని చుట్టూ సోఫాలు. అత్తయ్యగారు పట్టుచీర మీద నా పాత స్కీ జాకెట్టు, తలకి మంకీ క్యాప్, కాళ్ళకి స్నీకర్లు. ఎవరైనా వింతగా చూస్తారేమోనని నాకు టెన్షన్. ఎవరూ చూడలేదు సరికదా, ఒకావిడ దగ్గరికొచ్చి చీర అంచు బాగుందని చెప్పి వెళ్ళింది.

మర్నాడు పొద్దున అద్దె సామాన్ల దగ్గర అసలు తంతు. ఎత్తు, వయసు, బరువు అడుగుతారు. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడి రావాలి, లేకపోతే మోకాలు పోతుంది. ఎంత బలానికి ఊడాలో ఆ లెక్కల్ని బట్టే బిగిస్తారు. అందుకే అక్కడ బరువు తగ్గించి చెప్పకూడదు. మా ఆయన వినకుండా కాగితం మీద రాసిచ్చాను. ఇక ఆ బూటు: పిక్క సగం దాకా గట్టి ప్లాస్టిక్, వేళ్ళ నుంచి పిక్క దాకా నాలుగు బకిల్స్. వేసుకున్నాక చీలమండ వంగదు, నడిస్తే మడమ టక్కు టక్కుమంటుంది. పార్కింగ్ నుంచి షటిల్, షటిల్ నుంచి గొండోలా అంటూ స్కీలు భుజాన, పాపని చేత్తో పట్టుకుని ఆ బూట్లతో నడిచినవాళ్ళకే ఈ హోటల్ విలువ తెలుస్తుంది. ఇక్కడ తలుపు తీస్తే మంచు. స్కీలు ముందే బయట పేర్చి పెట్టి ఉన్నాయి, మేం కాలు పెట్టి నొక్కడమే. నన్నడిగితే ఇచ్చిన డబ్బుకి సగం గిట్టుబాటు అక్కడే.

పిల్లల క్లాసులో టీచరు “పిజ్జా!” అంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి ఆగాలి, “ఫ్రెంచ్ ఫ్రైస్!” అంటే రెండూ సమానంగా పెట్టి జారాలి. మా పాప మధ్యాహ్నానికల్లా ఫ్రెంచ్ ఫ్రైస్‌లో మమ్మల్ని దాటేసింది. మా ఆయన రోజంతా పిజ్జాలోనే ఉన్నారు.

లంచ్‌కి లోపలికొస్తే, పెద్దవాళ్ళిద్దరూ కిటికీ పక్కన రెండు కుర్చీలు ఆక్రమించి ఉన్నారు. వాలంతా అక్కడి నుంచే కనపడుతుంది. మామయ్యగారు పొద్దుటి నుంచి పడినవాళ్ళని లెక్కపెడుతున్నారట.

“ఆ ఎర్ర జాకెట్టాయన లేవలేక తెగ ఇబ్బంది పడ్డాడమ్మాయ్. ఎవరి పిల్లాడో పాపం” అన్నారు అత్తయ్యగారు.

“మీ పిల్లాడే అత్తయ్యా” అన్నాను.

గదిలో వంటగది లేదు. ముందు నాకు అదొక్కటే వెలితి అనిపించింది. కందిపొడి, చపాతీలు, పెరుగు తెచ్చుకోబట్టి సరిపోయింది. రెస్టారెంట్‌లో ఒకపూట తిని, బిల్లుని అలవాటుగా రూపాయల్లోకి మార్చుకున్న మామయ్యగారు మళ్ళీ అటు వెళ్ళనన్నారు. సాయంత్రం బయట మంట దగ్గర పిల్లలకి మార్ష్‌మాలోలు కాల్చిస్తుంటే అత్తయ్యగారు కూడా పుల్ల పట్టుకుని కూర్చున్నారు. రుచి మాత్రం నచ్చలేదు, “పంచదార దూదిలా ఉంది” అన్నారు.

ఒక సంగతి: ఆ ఎత్తులో నీళ్ళు బాగా తాగకపోతే తలనొప్పి రావచ్చు. మొదటి రాత్రి మామయ్యగారికి వచ్చింది, నీళ్ళు తాగి పడుకుంటే తగ్గింది.

మంగళవారం మధ్యాహ్నం తిరిగి బయల్దేరాం, రోడ్డంతా శుభ్రంగా ఉంది. వచ్చే ఏడాది ఎక్కడికని అప్పుడే కార్లో చర్చ మొదలైంది. పెద్దవాళ్ళు వస్తే మాత్రం నేను మళ్ళీ ఈ హోటలే అంటాను. మేం ముగ్గురమే అయితే ఇంత పెట్టను. కొండ కింద నార్త్‌స్టార్ విలేజ్‌లో, గొండోలాకి దగ్గరగా, వంటగది ఉన్న కాండో (ఫ్లాట్) తీసుకుంటాను. రైస్ కుక్కర్ కూడా పట్టుకెళ్ళొచ్చు.