మడమ నొక్కి చూడు వదినా

ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పని అంటే మా దేవరకొండ దిక్కు చాలామందికి ఒకటే లెక్క, ముసలోళ్ల ఒళ్లు తుడిచే పని. నర్సింగ్ చదివి, అంత అప్పు చేసి, ఈ పనికా పోయింది అన్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. (ఇక్కడే ఒక మాట: 2025 జూలై నుంచి బయటి దేశాల వాళ్లకు కొత్తగా కేర్ వర్కర్ వీసాలు ఇవ్వడం ఆపేశారు, ఇప్పటికీ ఇప్పిస్తామని పైసలడిగే ఏజెంట్లను నమ్మకండి.) ఒళ్లు తుడుస్తాం, నిజమే. కానీ తుడిచేటప్పుడు, మంచం పుండు (బెడ్ సోర్) పడకముందే పట్టుకోవాలంటే ఎక్కడ చూడాలో, ఏం చూడాలో తెలియాలి, ఈ పనిలో అసలు చదువంతా అందులోనే ఉంది. మన ఇళ్లలో మంచం పట్టిన పెద్దవాళ్లకు దొరకనిదీ అదే.

మనిషి కదలకుండా పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం, కండ నలిగి అక్కడ రక్తం ఆడదు. కొన్ని గంటలు చాలు. నడుము కింద తోక ఎముక, తుంటి, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక భాగం, చెవి అంచు, ఇవీ చూడాల్సిన చోట్లు. మనవాళ్లు బెడ్ సోర్ అనేది పుండు పడి, చీము పట్టి, వాసన వచ్చాకే. ఇక్కడ అంతదాకా రానిస్తే జవాబు చెప్పాలి. చర్మం మొత్తం పోయి కింద కొవ్వు కనిపించే మూడో స్థాయి పుండుగానీ, అంతకంటే లోతైనదిగానీ కేర్ హోమ్‌లో ఉండగా పడితే కేర్ హోమ్‌లను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్‌కు తెలియజేయడం తప్పనిసరి. అందుకే మా కళ్లన్నీ చర్మం ఇంకా చిట్లని మొదటి స్థాయి మీదే.

నైట్ డ్యూటీలో ఇద్దరం కలిసి మనిషిని పక్కకు తిప్పినప్పుడు టార్చ్ వేసి చూస్తాం. ఎర్రగా ఉన్నచోట వేలితో మెల్లగా నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోందని అర్థం. నొక్కినా తెల్లబడకపోతే, చర్మం చిట్లకపోయినా సరే, దెబ్బ మొదలైనట్టే, ఆ గుర్తు పోయేదాకా ఆ వైపు బరువు పడనివ్వకూడదు. ఆ దశలో పట్టుకుంటే చాలావరకు మందులు, కట్లు లేకుండానే తగ్గిపోతుంది. దాటిపోతే నెలలు.

కానీ ఈ పరీక్ష తెల్లవాళ్ల ఒంటి మీద తేలిక. మన రంగుకు ఎరుపు సరిగా కనిపించదు. ఇది నాకు బాగా తెలిసింది మర్రిగూడలో ఉండే మా పెద్దనాయిన విషయంలో. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన మనిషి, వెన్నెముక వంగి బిగుసుకుపోయింది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, అప్పటికే పాడైన ఎముకలు బాగుకావు కదా. వెల్లకిలా పడుకోలేడు, తనంతట తాను పక్కకు తిరగలేడు. ఒకసారి వీడియో కాల్‌లో వదినను ఫోన్ ఆయన కాళ్ల దాకా దింపమన్నాను. "ఎర్రగ ఏం లేదు పిల్లా, మడిమె కాడ జర నల్లగ కమిలినట్టుంది, గంతే" అన్నది. ఆ నలుపే చూడాలి మనం. చెయ్యి వెనక వైపుతో తాకి చూడు వదినా, రెండో మడమ కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా లోపలికి పోతోందా, ముట్టుకుంటే మామ మూలుగుతున్నాడా అని ఒక్కొక్కటీ అడిగాను. వేడిగా ఉంది, నొప్పి ఉంది. అప్పటికప్పుడు పిక్కల కింద దిండు పెట్టించాం, మడమ దేనికీ తగలకుండా గాలిలో ఉండేలా.

తుంటి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. వదిన ఎటు తిప్పినా కాసేపటికి ఎడమవైపుకే తిప్పమని గొడవ. అటు ఉంటేనే వాకిలి కనిపిస్తుంది, వచ్చేపోయే వాళ్లు కనిపిస్తారు, రోజంతా ఆయనకు అదే కాలక్షేపం. తిట్టి లాభం లేదు. తల ఉండే దిక్కు మార్చి మంచం వేయమన్నాను. ఇప్పుడు కుడివైపు పడుకున్నా వాకిలే కనిపిస్తుంది. ఏ వారం ఏ దిక్కో వదిన క్యాలెండర్ మీద రాసి పెడుతోంది.

ఎన్ని గంటలకు తిప్పాలి అని అందరూ అడుగుతారు. ఇంగ్లండ్‌లో వైద్యం ఎలా చేయాలో చెప్పే నైస్ (NICE) సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పుండు పడే ప్రమాదం ఉన్న పెద్దవాళ్లకు కనీసం 6 గంటలకోసారి, ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లకు కనీసం 4 గంటలకోసారి. చర్మం అంతకుముందే కమిలితే ఇంకా తొందరగా తిప్పాలి. పొలం పనికి పోయే మనిషికి గడియారం చూసుకోవడం కుదరదు, పొద్దున చాయ్, మధ్యాహ్నం బువ్వ, సాయంత్రం సీరియల్, రాత్రి పడుకోబోయే ముందు, నడిరాత్రి ఒకసారి లేచినప్పుడు, ఇట్లా ఇంటి పనులకు ముడిపెడితేనే సాగుతుంది. తిప్పేటప్పుడు ఈడ్చకండి, ఇద్దరు కలిసి దుప్పటితో సహా ఎత్తి జరపండి. ఈడిస్తే పైచర్మం పరుపుకు అతుక్కుపోయి లోపలి కండ నలుగుతుంది.

కమిలిన చోట కొబ్బరినూనె పోసి రుద్దడం మన దగ్గర ప్రతి ఇంట్లో చూస్తాను. దయచేసి రుద్దకండి. లోపల అప్పటికే దెబ్బతిన్న సన్నటి రక్తనాళాలు ఇంకా తెగుతాయి. గాలి కొట్టిన ట్యూబు, రింగు కూడా వద్దు, మధ్యలో ఖాళీ ఉన్నా అంచు దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. నులక మంచం మీద సన్నటి బొంత ఒక్కటే వేస్తే తాళ్లు ఒంటికి నొక్కుకుంటాయి, మందపాటి ఫోమ్ పరుపు కావాలి. ఎయిర్ బెడ్ కొన్నా తిప్పడం మానకూడదు. కరెంటు పోయినప్పుడు గాలి దిగిందేమో చెయ్యి పెట్టి చూడాలి.

నాకు బాధనిపించేది ఇంకోటి ఉంది. మూత్రం ఎక్కువైతే బట్టలు మార్చాల్సి వస్తుందని నీళ్లు తగ్గించడం, మంచంలో ఉన్న మనిషికి ఎందుకులే అని జావతో సరిపెట్టడం. చర్మం నిలవాలంటే పప్పు, గుడ్డు, పెరుగు కావాలి (కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగి), నీళ్లు కావాలి. తడిసిన బట్ట వెంటనే తీసి, నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

గల్ఫ్‌లో, ఇక్కడ ఉన్న పాలమూరు, నల్లగొండ వాళ్లమంతా ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మానాయినల మొహం ఒక్కటే చూసి పెట్టేస్తాం. వారానికి ఒకసారైనా మడమలు, నడుము కింది భాగం చూపించమనండి, సిగ్గుపడితే ఇంట్లో ఉన్న ఆడమనిషితో చూపించమనండి. చర్మం చిట్లితే పల్లె దవాఖానలో ఏఎన్‌ఎంకు చూపించాలి. నల్లటి పొర కట్టినా, చీము, వాసన ఉన్నా, చుట్టూ వాపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, మనిషి మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.