మా ఊళ్లో చేపలు

హైదరాబాదు నుంచి అలంపురం చౌరస్తా దాకా చెప్పుకోవడానికి ఏమీ లేదు. హైవే, ఎండ, టోల్ గేట్లు. ఫాస్టాగ్ మెసేజ్ మోగినప్పుడల్లా నాన్న "ఎంత?" అనడం, నేను చెప్పడం, ఆయన నిట్టూర్చడం.

అలంపురంలో నేను నవబ్రహ్మ ఆలయాల శిఖరాలకు ఫోటోలు తీసుకుంటున్నాను. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యులు మొదలుపెట్టిన గుళ్లు కదా, ఎంత చూసినా తనివి తీరదు. మా మేనత్త మాత్రం కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గరే ఆగిపోయింది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉండేది ఆ గుడి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. అత్త దండం కూడా పెట్టలేదు.

"దేవునికి గుడి మోసుకొచ్చి కట్టిచ్చినారు. మాకు చేతిలో నాలుగు రూపాయలు పెట్టి పొమ్మన్నారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. ఊళ్లు ఖాళీ చేయించేసరికి 1981 వచ్చింది. అన్నేళ్లు "వస్తాయి, వస్తాయి" అన్న నీళ్లు రాకపోయేసరికి ఎవరూ నమ్మడం మానేశారట. మా తాతైతే ఆ మధ్యలోనే అప్పు చేసి కొత్త మిద్దె వేశాడు.

కర్నూల్లో ట్రాఫిక్ తప్ప ఏమీ గుర్తులేదు. కొండారెడ్డి బురుజును కారులోంచే చూశాం. నందికొట్కూరు దాటి మట్టిరోడ్డు పట్టాక నాన్నకు హుషారొచ్చింది. మే నెల కాబట్టి నీళ్లు బాగా వెనక్కి పోయాయి. బీటలువారిన ఒండ్రు మీద ఎక్కడ చూసినా గుల్లలు, మధ్యమధ్య మొండిగోడలు. ఒకచోట గడపరాయి కనిపించింది. తలుపు తిరగడానికి తొలిచిన గుంట లోపలంతా అరిగి నున్నగా ఉంది. మనదేనన్నాడు నాన్న. కాదు, చాకలోళ్లదంది అత్త. ఎండలో నిలబడి అరగంట వాదించుకున్నారు.

ఒడ్డున గుడిసె వేసుకున్న జాలరి ఒకాయన వచ్చి కలిశాడు. తుని వైపు నుంచి వచ్చి ఇక్కడ వేట చేసుకుంటున్నారట.

"ఇక్కడ ఊరుండేదని తెలుసా?" అని అడిగాను.

"తెలీకపోవడమేంటండీ. నీళ్లు నిండితే అదిగో, ఆ వరసలో వల వేస్తే చిరిగిపోద్ది. ఇటేమో తేలిగ్గా వచ్చేస్తది" అన్నాడు.

అత్త కళ్లు పెద్దవయ్యాయి. ఆ వరస కరణంగారి వీధి. తేలిగ్గా వచ్చేది కల్లాలు, అక్కడ గోడలే లేవు. ఇక ఆమెను ఆపేవాళ్లు లేరు. చావడి ఎక్కడ, ఊరబావి ఎక్కడ, మా మిద్దె ఎక్కడ, ఒక్కొక్కటీ చేయెత్తి చూపించింది. అతను కూడా శ్రద్ధగా, ఎన్ని బారల దూరమో అడిగి మరీ గుర్తుపెట్టుకున్నాడు. నాన్న చూపించినవాటిని మాత్రం ఇద్దరూ పట్టించుకోలేదు.

వచ్చేటప్పుడు రెండు కిలోల బొచ్చెలు తూయించాం. కిలో రెండు వందలన్నాడు.

"మా ఊళ్లో చేపలు మాకే అమ్ముతావా?" అంది అత్త.

"వల నాదండీ" అన్నాడు నవ్వుతూ. పది రూపాయలు కూడా తగ్గించలేదు.