కేబుల్ తీసేశాక మా ఇంట్లో టీవీ ఎలా నడుస్తోందంటే

కేబుల్ తీసేశాం అని చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే, "మరి ఇప్పుడు ఏ యాప్‌లో చూస్తున్నారు?" అని. యాప్‌లు ఉన్నాయి, లేవనను, కానీ మా ఇంట్లో కేబుల్ లేని లోటు తీర్చింది యాప్ కాదు, యాటిక్‌లో, అంటే ఇంటి పైకప్పు కింద ఉండే ఖాళీ అటకలో, ఓ మూల చెక్కదూలానికి బిగించిన యాంటెన్నా. ఆ మాట అంటే కొందరు నవ్వుతారు, "ఇంకా యాంటెన్నా ఏంటి బాబూ ఈ రోజుల్లో" అని, కొందరికైతే అమెరికాలో గాల్లోంచి ఫ్రీగా హెచ్‌డీ టీవీ వస్తుందన్న సంగతే తెలీదు. పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నవాళ్ళు కూడా "నిజంగా నెలకి ఏమీ కట్టక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగారు. అక్కర్లేదండీ. ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్, ఫాక్స్, పీబీఎస్ అన్నీ టవర్ల నుంచి రోజంతా వస్తూనే ఉంటాయి, పట్టుకునేవాడు పట్టుకుంటాడు, లేనివాడు అవే ఛానళ్ళకి కేబుల్ వాడికి కడతాడు.

నాకు కేబుల్ మీద విసుగు పుట్టింది కూడా సరిగ్గా అక్కడే. బిల్లు మొత్తం చూసి కాదు, మొత్తం పెరగడం ఎప్పుడో అలవాటైపోయింది. ఒకరోజు బిల్లు లైను లైనుగా చదువుతుంటే అందులో "బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీ" అని విడిగా ఒక లైను కనిపించింది. అంటే గాల్లో ఉచితంగా వచ్చే ఛానళ్ళని వైర్లో పెట్టి ఇచ్చినందుకు ప్యాకేజీ డబ్బులు కాకుండా ఇంకో వడ్డన. దీని వెనక 1992 నాటి కేబుల్ చట్టం ఉంది, లోకల్ స్టేషన్ వాడు "నా ఛానల్ నీ వైర్లో ఇవ్వాలంటే నాకు డబ్బులివ్వు" అని కేబుల్ కంపెనీని అడగొచ్చు, కేబుల్ కంపెనీ ఆ డబ్బులు మన నెత్తిన వేస్తుంది, ఇద్దరికీ బేరం కుదరకపోతే ఛానల్ ఆగిపోతుంది, అదీ సరిగ్గా పెద్ద మ్యాచ్ ముందు. మధ్యలో నలిగేది కట్టేవాడే.

ఇందులో తమాషా ఏంటంటే కేబుల్ పుట్టిందే యాంటెన్నా నుంచి. 1948 ప్రాంతంలో పెన్సిల్వేనియా, ఒరెగాన్ లాంటి చోట్ల కొండలు అడ్డమొచ్చి సిగ్నల్ అందని ఊళ్ళలో, ఎవరో ఒకరు ఎత్తులో పెద్ద యాంటెన్నా పెట్టి అక్కణ్ణుంచి ఇళ్ళకి వైరు లాగారు. దాని పేరే కమ్యూనిటీ యాంటెన్నా టెలివిజన్. అంటే నేను మధ్యలో వైరు వాణ్ణి తప్పించి మళ్ళీ మొదటికి వెళ్ళానన్నమాట, అంతకంటే గొప్ప పనేం చేయలేదు.

సరే, యాంటెన్నా సంగతికొద్దాం, ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, రాబిట్ ఇయర్స్ అనే సైట్లో మీ అడ్రస్ కొడితే మీకు ఏ టవర్లు ఏ దిక్కున ఎన్ని మైళ్ళలో ఉన్నాయి, సిగ్నల్ ఎంత బలంగా ఉంది అని పట్టిక ఇస్తుంది. ఇది చూడకుండా యాంటెన్నా కొనడం చెప్పు సైజు తెలియకుండా చెప్పులు కొనడం లాంటిదే. ఆన్‌లైన్లో డబ్బాల మీద రాసే "200 మైళ్ళ రేంజ్" అనేది శుద్ధ అబద్ధం, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మామూలుగా అరవై డెబ్భై మైళ్ళు దాటితే టవర్ మనకి దిగంతం కిందకి వెళ్ళిపోతుంది, ఎంత ఖరీదైన యాంటెన్నా పెట్టినా వంపు దాటి చూడలేదు. అలాగే "4కే యాంటెన్నా", "హెచ్‌డీ యాంటెన్నా" అని రాసినా పట్టించుకోకండి, యాంటెన్నా అంటే ఒక కొలత ప్రకారం వంచిన లోహం, దానికి బొమ్మ క్వాలిటీతో సంబంధం లేదు, దానికి తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే.

ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే అసలు కథంతా ఉంది. టీవీలో 7.1 అని కనిపించిందంటే స్టేషన్ నిజంగా 7వ ఛానల్లో వస్తోందని కాదు. అది జనానికి అలవాటైన పేరు లాంటి నంబరు, లోపల నిజంగా వచ్చేది 24లోనో 31లోనో అయ్యుండొచ్చు. రాబిట్ ఇయర్స్ పట్టికలో రెండు నంబర్లూ ఉంటాయి, చూడాల్సింది ఆ లోపలి నంబరు. అసలు ఛానల్ 14 నుంచి 36 మధ్య ఉంటే యూహెచ్ఎఫ్, అంటే 470 నుంచి 608 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు అర మీటరు చుట్టుపక్కల, కిటికీకి అంటించే పల్చటి రేకు యాంటెన్నాకి కూడా దొరుకుతుంది. 7 నుంచి 13 అయితే వీహెచ్ఎఫ్, తరంగం మీటరున్నర ఉంటుంది, ఆ రేకులకి సరిగ్గా అందదు, పొడుగు చేతులున్న యాంటెన్నా కావాలి. "అన్ని ఛానళ్ళూ వస్తున్నాయి గానీ ఆ ఒక్కటీ రావట్లేదండీ" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది అది వీహెచ్ఎఫ్‌లో ఉందా అనే, చాలాసార్లు అదే అవుతుంది.

మా యాటిక్‌లో ఉన్నది చేపముల్లులా పొడుగ్గా ఉండే పాత రకం. దాన్ని యాగీ-ఉడా అంటారు, 1926లో జపాన్లోని తొహోకు యూనివర్సిటీలో షిన్‌తారో ఉడా, హిదెత్సుగు యాగీ కలిసి బయటపెట్టిన డిజైను, వందేళ్ళ నాటిది, ఇప్పటికీ ఒక దిక్కు నుంచి వచ్చే సిగ్నల్ పట్టుకోవడానికి దాన్ని కొట్టింది లేదు. మా టవర్లన్నీ దాదాపు ఒకే వైపు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, తలో దిక్కున ఉంటే వేరే రకం చూసుకోవాలి. డాబా మీద పెడితే ఇంకా బాగుండేది, యాటిక్‌లో కప్పు వల్ల సిగ్నల్ కొంత పోతుంది, కానీ వాన, పిడుగు, మంచు గొడవ ఉండదు. ఇన్సులేషన్ మీద రేకు పొర ఉంటే మాత్రం యాటిక్ పనికిరాదు, కొత్త కిటికీ అద్దాలకి ఎండ వేడి ఆపే సన్నటి లోహపు పూత వేస్తున్నారు కదా, అదీ అంతే, రేకు యాంటెన్నా ఆ అద్దానికి అంటించి "ఏమీ రావట్లేదు" అంటే వస్తుందా పాపం.

బిగించే రోజు నేను పైన వంగి, మోకాళ్ళ కింద చెక్క గుచ్చుకుంటుంటే, మా ఆవిడ కింద టీవీలో సిగ్నల్ మీటర్ పెట్టుకుని ఫోన్లో నంబర్లు చదువుతోంది. "నలభై ఒకటి. నలభై ఆరు. అయ్యో పడిపోయింది, ఇరవై. ఏం కదిపారు?" నేను కదిపింది జానెడు కూడా లేదు. యూహెచ్ఎఫ్‌లో అంతే, చుట్టూ ఉన్న డక్టులకీ మేకులకీ తగిలి వచ్చిన సిగ్నల్ ఒకదాన్నొకటి చెరుపుకునే చోట పెడితే ఏమీ ఉండదు, అక్కణ్ణుంచి అడుగు జరిపితే నిండుగా ఉంటుంది. "డెబ్భై ఎనిమిది, ఇంక ముట్టుకోకండి, అలాగే దిగిరండి" అంది, ముట్టుకోలేదు. మొదట స్క్రూలు గట్టిగా బిగించకుండా యాంటెన్నాని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఛానళ్ళన్నీ ఒకసారి స్కాన్ చేసి, అప్పుడు బిగించుకోండి.

పాతకాలంలో సిగ్నల్ తక్కువైతే బొమ్మలో చుక్కలు పడేవి, అయినా మనిషి కనపడేవాడు, మాట వినపడేది. 2009 జూన్ 12న ఇక్కడ పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారాక ఆ మధ్యస్థం పోయింది. ఇప్పుడు వస్తే అద్దంలా వస్తుంది, ఓ గీత కంటే తగ్గితే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. అందుకే మీటర్లో బొటాబొటీగా ఉంటే చాలనుకోకూడదు, గాలికి చెట్లు ఊగినా పోతుంది. ఒక యాంటెన్నా వైరుని రెండు టీవీలకి చీల్చితే ఒక్కో దారికి దాదాపు మూడున్నర డెసిబెల్, అంటే సగానికి పైగా సిగ్నల్ పోతుంది, నాలుగుకి చీల్చితే ఏడు, అందుకని కొందరు యాంప్లిఫయర్ పెడతారు, అది యాంటెన్నా పక్కన పెడితే ఉపయోగం, టీవీ వెనక పెడితే వైర్లో చేరిన చెత్తని కూడా పెంచి ఇస్తుంది. టవర్లు దగ్గరుంటే అసలు పెట్టకూడదు, ఎక్కువై ట్యూనర్, అంటే టీవీలో ఛానల్ పట్టే భాగం, ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

నేను టీవీ టీవీకీ చీల్చలేదు, యాంటెన్నా వైరు ఒక దారి హాల్లో టీవీకి ఇచ్చి, రెండోది తిన్నగా ఒక నెట్‌వర్క్ ట్యూనర్‌లో పెట్టాను, హెచ్‌డీ హోమ్ రన్, టాబ్లో లాంటివి ఉంటాయి కదా ఆ జాతి, అది ఇంట్లో వైఫై మీద ఏ టీవీకైనా ఫోన్‌కైనా ఇస్తుంది, హార్డ్ డిస్క్ తగిలిస్తే రికార్డ్ కూడా చేస్తుంది. ఇక్కడి ఒక డిజిటల్ ఛానల్ మొత్తం సామర్థ్యం సెకనుకి 19.39 మెగాబిట్లు, అంతా ఒకే ప్రోగ్రామ్‌కి వాడినా గంటకి తొమ్మిది జీబీ లోపే, మామూలుగా 7.1, 7.2, 7.3 అని పంచుకుంటారు కాబట్టి ఇంకా తక్కువే పడుతుంది. కేబుల్ వాళ్ళు చాలా చోట్ల ఇదే బొమ్మని ఇంకోసారి కుదించి (కంప్రెస్ చేసి) పంపిస్తారు, అందుకే గాల్లోంచి వచ్చింది పక్కన పెట్టి చూస్తే గడ్డి గడ్డిలా కనిపిస్తుంది, మ్యాచ్‌లో బంతి వెనక మసక ఉండదు. ఆలస్యం సంగతైతే అడగక్కర్లేదు, స్ట్రీమింగ్‌లో లైవ్ అర నిమిషం, ఒక్కోసారి ఇంకా వెనకుంటుంది, గ్రూప్‌లో ఎవడో "గోల్" అని మెసేజ్ పెట్టాక కూడా మన దగ్గర బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంటుంది. యాంటెన్నా ఉన్న ఇల్లు ముందే అరుస్తుంది.

ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషించింది మాత్రం నాన్న. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకి సాయంత్రం లోకల్ న్యూస్‌లో వాతావరణం చూడాలి, అర్థమైనా కాకపోయినా ఆ మ్యాప్ మీద మేఘాలు కదలడం చూస్తూ కూర్చుంటారు. యాప్‌లు మాత్రమే ఉన్న రోజుల్లో "ఏంట్రా ఇది, టీవీ పెడితే ఎవరు చూస్తున్నారు అని నన్నే అడుగుతుంది" అనేవారు, ప్రొఫైల్ ఎంచుకో, యాప్ తెరువు, అప్‌డేట్ అంటుంది ఆగు, మళ్ళీ లాగిన్ అంటుంది పాస్‌వర్డ్ కొట్టు. ఇప్పుడు హాల్లో టీవీకి రిమోట్‌లో నంబరు నొక్కితే వచ్చేస్తుంది. "ఇదీ టీవీ అంటే" అన్నారు, నాకు ఇంకో మాట రాలేదు.

స్ట్రీమింగ్ గురించి క్లుప్తంగానే చెప్తాను ఎందుకంటే అందరూ చెప్పేదే. అన్నీ ఒకేసారి కట్టకండి, ఒక నెల ఒకటి, చూడాల్సింది చూసేసి ఆపేసి ఇంకోటి, ఆపితే వాళ్ళేం బాధపడరు. ప్లూటో టీవీ, టూబీ లాంటివి యాడ్స్‌తో ఫ్రీగానే ఉన్నాయి, పాత సినిమాలకి సరిపోతాయి. తెలుగు ఛానళ్ళకీ మన సినిమాలకీ యాంటెన్నా ఏమీ చేయలేదు, అక్కడ ఆహా, ఈటీవీ విన్ లాంటి వాటి మీద పడాల్సిందే. నేను ఒప్పుకోనిది ఒకటే, కేబుల్ తీసేసి దాని బదులు యూట్యూబ్ టీవీ లాంటి లైవ్ ప్యాకేజీ కట్టడం. 2017లో మొదలైనప్పటి ధరకి అది ఇప్పుడు రెట్టింపు దాటింది, చూడని ఛానళ్ళు అందులోనూ ఉన్నాయి, ఛానల్ వాళ్ళతో బేరం చెడి ఆగిపోవడం అందులోనూ ఉంది, డబ్బా ఒక్కటి తగ్గిందంతే, అది కేబులే. ఆటలు బాగా చూసేవాళ్ళకి తప్పదంటే సీజన్ ఉన్నన్నాళ్ళు కట్టుకుని ఆపేయడం మేలు.

తీసేసేటప్పుడు ఒకటి చూసుకోండి, ఇంటర్నెట్ కూడా అదే కంపెనీది అయితే టీవీ తీసేయగానే రెండింటికీ కలిపి ఇచ్చిన డిస్కౌంట్ పోతుంది, కొత్త ఇంటర్నెట్ రేటు ముందే కనుక్కుని లెక్కేసుకోండి. డేటా లిమిట్ ఉందా అన్నది కూడా, స్ట్రీమింగ్ దాన్ని తింటుంది, యాంటెన్నా ఒక్క బైటు తినదు. ఫోన్లో "ఎందుకు సార్ తీసేస్తున్నారు" అని ఆఫర్ మీద ఆఫర్ చెప్తారు, వినాలనిపిస్తే వినండి, నేను బ్రాడ్‌కాస్ట్ ఫీ తీసేస్తారా అని మాత్రమే అడిగాను, అది కుదరదన్నారు. బాక్స్ తిరిగిచ్చినప్పుడు రసీదు ఫొటో తీసి దాచుకోండి.

అపార్ట్‌మెంట్లలో, హెచ్ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, ఉన్న కాలనీల్లో యాంటెన్నా పెట్టనివ్వరని చాలామంది అనుకుంటారు. మీ ఒక్కరి వాడకంలో ఉన్న బాల్కనీలోనో ఇంటి మీదో టీవీ యాంటెన్నా పెట్టుకుంటే అడ్డుకోకూడదని 1996 నుంచి ఎఫ్‌సీసీ (ఇక్కడ టీవీ, రేడియో వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది, పేరు ఓటార్డ్ (OTARD), అద్దెకుండేవాళ్ళకీ ఇది వర్తిస్తుంది, అందరికీ కలిపి ఉన్న కప్పు మీదకి మాత్రం వర్తించదు. హెచ్ఓఏ వాళ్ళ ఉత్తరం వస్తే ఆ రూల్ పేరు రాసి పంపండి, మళ్ళీ రాయరు.

ఇంక అప్పుడప్పుడు రీస్కాన్ చేస్తుండాలి. 600 మెగాహెర్ట్జ్ వైపు ఉన్న స్పెక్ట్రమ్‌ని ఫోన్ కంపెనీలకి వేలం వేసి అమ్మాక 2020 జులై దాకా వందల స్టేషన్లు ఛానళ్ళు మారాయి, అప్పుడు రీస్కాన్ చేయనివాళ్ళు "ఛానల్ పోయింది" అని యాంటెన్నా తీసి పారేశారు. ఇప్పుడు ఏటీఎస్‌సీ 3.0 అని కొత్త ప్రసార పద్ధతి వస్తోంది, 4కేకి వీలుంది, కదులుతున్న బండిలో కూడా సిగ్నల్ నిలుస్తుంది, బాగానే ఉంది, కానీ చాలా స్టేషన్లు దాన్ని తాళం వేసి పంపుతున్నాయి, అంటే నా దగ్గరున్న లాంటి ట్యూనర్లలో చూడ్డం, రికార్డ్ చేసుకోవడం కష్టం. గాలి మీద నడిచే ఫ్రీ టీవీకి తాళమేంటో నాకైతే మింగుడుపడదు. పాత పద్ధతి కూడా నడుస్తోంది కాబట్టి కంగారేం లేదు, యాంటెన్నా ఎలాగూ అదే పనికొస్తుంది, మారేది ట్యూనర్ మాత్రమే. కొత్త టీవీ కొనేటప్పుడు 3.0 ట్యూనర్ ఉందా అని అడగండి, మామూలు ట్యూనరైనా ఉందో లేదో కూడా చూసుకోండి, మానిటర్ అనో డిస్‌ప్లే అనో పేరు పెట్టి అమ్మేవాటిల్లో ఒక్కోసారి అదీ ఉండదు.