ఎనిమిది నియాన్ టెట్రాలు ఐదయ్యాక

ట్యాంక్ కొన్న కొత్తలో చేపల్ని ఎంచుకోవడానికి నాకున్న కొలత ఒక్కటే: చూడ్డానికి బాగుందా లేదా. 100 లీటర్ల ట్యాంక్‌లో 2 ఏంజెల్ ఫిష్, 8 నియాన్ టెట్రాలు, 3 టైగర్ బార్బులు వేశాను. "నాచంతా ఇదే తినేస్తుంది సార్, మీరు గాజు తుడిచే పనే ఉండదు" అంటూ అమ్మినాయన కవర్లో పెట్టిచ్చిన ఆల్గే ఈటర్ ఒకటి అదనం. నీళ్ల విషయంలో మాత్రం తొందరపడలేదు. 5 వారాలు ఫిల్టర్ నడిపి, చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేపల్ని దింపాను. అక్కడితో కష్టమైన పని అయిపోయిందనుకున్నాను.

ఏంజెల్ చేపలు వచ్చినప్పుడు చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దవి, అంతే. నియాన్‌లను చూసి అవే బెదిరేవి. నాలుగైదు నెలలు ఇల్లంతా ఆ గాజు పెట్టె ముందే కూర్చుంది.

ఒకరోజు పొద్దున్నే మేత వేస్తుంటే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, నియాన్‌లు ఎన్నుండాలి?" ఎనిమిది అన్నాను. "ఆరే ఉన్నాయి." మొక్కల వెనక దాక్కుని ఉంటాయిలే అన్నాను. ఫిల్టర్ విప్పి చూశాను, ట్యాంక్ వెనక నేల మీదకి ఏమైనా దూకాయేమోనని టార్చ్ వేసి వెతికాను. ఎండిన చేప కాదు గదా, పొలుసు కూడా దొరకలేదు. రెండు రోజులకి ఐదయ్యాయి. ఆ పొద్దున లైటు వేయగానే పెద్ద ఏంజెల్ మూల నిలబడి ఉంది. పొట్ట ఒక పక్కకి ఉబ్బింది, నోట్లోంచి సన్నటి ఎర్రటి తోక ముక్క బయటికి వేలాడుతోంది. నేను చూస్తుండగానే రెండుసార్లు నోరు ఆడించి దాన్నీ లోపలికి లాగేసుకుంది.

ఏంజెల్‌ది తప్పేం లేదు. అది సిక్లిడ్ జాతి చేప. నోట్లో పట్టేదేదైనా దానికి మేతే. ఏంజెల్ చిన్నగా ఉన్నప్పుడు మూడు సెంటీమీటర్ల సన్నటి నియాన్ దాని నోట్లో పట్టలేదు, అది పెరిగాక పట్టింది. చేపల్ని కొన్న రోజు సైజు చూసి జత కట్టడం నేను చేసిన పెద్ద పొరపాటు.

ఇంకా తమాషా ఏమిటంటే, ఆ ఏంజెల్ కూడా సుఖంగా లేదు. దాని పొట్ట కింద వేలాడే పొడవాటి దారాల్లాంటి రెక్కలు సగానికి తెగి ఉన్నాయి. కుర్చీ వేసుకుని అరగంట చూస్తే దొంగలు దొరికారు: టైగర్ బార్బులు. ఒకటి ముందు నుంచి దాని ధ్యాస మళ్లించేది, ఇంకోటి వెనక నుంచి వచ్చి రెక్క కొరికి పారిపోయేది. (అవి కూడబలుక్కుని చేశాయని కాదు, నాకు అలా కనిపించింది.) టైగర్ బార్బులు గుంపు చేపలు. ఎనిమిది, పది ఉంటే ఆ తగాదాలేవో వాటిలో అవే పడతాయి. మూడే ఉంటే పక్కవాళ్ల మీద పడతాయి. తక్కువ వేస్తే గొడవ తక్కువనుకున్నాను, అది తిరగబడింది.

ఆల్గే ఈటర్ సంగతి విన్నాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకిచ్చింది చైనీస్ ఆల్గే ఈటర్. చిన్నప్పుడు నాచు తింటుంది, నిజమే. పెరిగేకొద్దీ నాచు మీద మోజు తగ్గి, వెడల్పాటి ఒంటి చేపలకి అతుక్కుని వాటి ఒంటి మీది జిగురు పొరను గీక్కు తింటుంది. పైగా 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అంటే నా ఏంజెల్‌కి పక్క నుంచి బార్బులు, ముందుముందు ఒంటి మీద ఇది!

అన్నిటినీ పంపించేశాను. పెద్ద ట్యాంక్ ఉన్న ఒక స్నేహితుడు ఏంజెల్ జంటను తీసుకున్నాడు. బార్బులు వేరొకరి దగ్గరున్న పెద్ద బార్బుల గుంపులో కలిశాయి. ఆల్గే ఈటర్ కొన్నచోటికే వెళ్లిపోయింది. మిగిలింది ఐదు నియాన్‌లు. ఈసారి వాటికి సరిపడే వాళ్లనే తేవాలనుకున్నాను.

నోట్‌బుక్‌లో మూడు గీతలు గీశాను: పైన తిరిగేవి, మధ్యలో తిరిగేవి, అడుగున తిరిగేవి. మధ్య భాగం నియాన్‌లదే. గుంపు చిన్నదైతే బెదురుగా ఉంటాయి కాబట్టి ఇంకో ఐదు కలిపి పది చేద్దామనుకున్నా. నియాన్‌లకి 21 నుంచి 25 డిగ్రీలు, లవణాలు తక్కువున్న కాస్త మెత్తటి నీళ్లు హాయి. కొత్తగా వచ్చేది ఏదైనా ముందు ఈ లెక్కకి లొంగాలి. ఇక్కడే చాలా పేర్లు కొట్టేశాను. గోల్డ్ ఫిష్‌కి ఇంకా చల్లటి నీళ్లు కావాలి, పైగా అది పెరిగితే నియాన్ దాని నోట్లో కూడా పడుతుంది. మా అమ్మాయి గప్పీలు అడిగింది. వాటికి కఠిన జలం ఇష్టం, అదీగాక నెలనెలా పిల్లలు పెడతాయి. ఆ పిల్లల్ని ఎవరికి పంచిపెట్టను? ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అడుగు భాగానికి బ్రాంజ్ కోరీలు ఆరు తేవాలనుకున్నాను. ఎవరి జోలికీ పోవు, 22 నుంచి 26 డిగ్రీల్లో బాగుంటాయి. కానీ అవి మీసాలతో నేలని తడుముతూ బతుకుతాయి. నా ట్యాంక్‌లో పదునైన గులకరాళ్లు. ఆ మీసాలు అరిగిపోతాయని తెలిసి, ఒక ఆదివారమంతా మగ్గుతో రాళ్లు తోడి సన్నటి ఇసుక పోశాను. నడుం రెండు రోజులు పట్టేసింది.

పైభాగానికి తేనెరంగు గౌరామి ఒకటి, హనీ గౌరామి. డ్వార్ఫ్ గౌరామి రంగులు చూస్తే మనసు అటే పోయింది గానీ, వాటిలో మందు లేని వైరస్ జబ్బొకటి ఉంది. మళ్లీ చేపల్ని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. హనీ గౌరామి అమ్మేచోట పాలిపోయి ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడరు. నేనూ మొదటిసారి పట్టించుకోలేదు.

కొత్త నియాన్‌లు ఐదింటినీ నేరుగా ట్యాంక్‌లో వేయకుండా 20 లీటర్ల టబ్బులో స్పాంజ్ ఫిల్టర్ పెట్టి మూడు వారాలు ఉంచుదామనుకున్నాను. నాలుగో రోజే రెండింటి ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. గుండె జారింది. మందు వేస్తే మూడు రోజుల్లో చుక్కలు మాయమయ్యాయి, కానీ అక్కడ ఆపకూడదు. ఆ చుక్కలు తెచ్చే పరాన్నజీవి చేప ఒంట్లో ఉన్నంతసేపు మందు తగలదు, ఒంటి మీంచి రాలి నీళ్లలో తిరిగేటప్పుడే చస్తుంది. అందుకే ఇంకొన్ని రోజులు కొనసాగించాను. దాంతో మూడు వారాలు కాస్తా ఐదయ్యాయి.

ఆ తర్వాత కోరీలు, రెండు వారాలు ఆగి, అవీ ముందు టబ్బులో ఉండే ట్యాంక్‌లోకి వచ్చాయి. వాటిని వలతో పట్టకండి. రెక్కల ముందుండే ముల్లు వలలో ఇరుక్కుంటే తియ్యడం నరకం. నేను గ్లాసుతో తోలాను. ట్యాంక్‌లో దిగిన గంటకి ఒక కోరీ రాకెట్‌లా పైకి దూసుకెళ్లి గాలి మింగి కిందకి వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆక్సిజన్ అయిపోతోందని టెన్షన్ పడి సగం నీళ్లు మార్చబోయాను. తీరా చూస్తే అవి పేగుతో కూడా గాలి పీల్చుకోగలవు, అది వాటి అలవాటే. తిండి విషయంలో మాత్రం నేనే పొరపాటు చేశాను. పైన వేసిన మేతంతా నియాన్‌లే లాగేసుకునేవి, కోరీలకు మిగిలింది ఇసుక. ఇప్పుడు లైటు ఆపేశాక మునిగే బిళ్లలు వేస్తున్నాను.

గౌరామిని చివర్లో వేశాను, ముందే వచ్చి చోటు తనదనుకోకుండా. మొదటి వారం ఆకుల కింద నక్కి ఉంది. తర్వాత మెల్లగా దిగి, ఇసుక మీదున్న కోరీ వీపును తన దారాల్లాంటి రెక్కలతో అటూ ఇటూ తడిమి చూసింది, గుడ్డివాళ్లు ముఖం తడిమినట్టు. కోరీ కదల్లేదు. నెలకి దానికి నిజంగానే తేనె రంగు వచ్చింది.

నాచు మాత్రం గాజు మీద పట్టింది. దానికి నాలుగు ఓటోసింక్లస్‌లు తెచ్చాను, ఇవి నాలుగైదు సెంటీమీటర్లు మించవు, ఎవరికీ అతుక్కోవు. మా అమ్మాయి ఇప్పటికీ పొద్దున్నే లెక్కపెడుతుంది. పది నియాన్‌లు, ఆరు కోరీలు, ఒక గౌరామి వరకు సరిపోతాయి. ఓటోలు మాత్రం ఎప్పుడూ మూడే కనిపిస్తాయి. నాలుగోది హీటర్ వెనక ఉంటుంది.