వర్డిల్‌లో ఆట తేలిపోయేది మూడో వరసలోనే

వర్డిల్ అంటే ఐదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే ఆన్‌లైన్ ఆట. ఒక్కో ప్రయత్నం ఒక్కో వరస. అక్షరం సరైన గడిలో పడితే ఆకుపచ్చ, పదంలో ఉండి వేరే గడిదైతే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు వస్తుంది. ఈ ఆట ఆడేవాళ్లు ఇద్దరు కలిస్తే మాటలన్నీ మొదటి పదం చుట్టూనే తిరుగుతాయి. ఓడిపోయిన ఆటల్ని వెనక్కి వెళ్లి చూస్తే మాత్రం, తప్పు ఎక్కువగా మూడో వరసలో కనిపిస్తుంది. అక్కడ జవాబు కొట్టేయాలన్న తొందరే కొంప ముంచుతుంది.

మొదటి పదం సంగతి త్వరగా తేల్చేద్దాం. జోష్ వార్డిల్ 2021లో ఈ ఆట పెట్టినప్పుడు జవాబుల జాబితాలో 2,315 పదాలుండేవి. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొన్నాక జాబితా కొంత మారింది, తర్వాత ఎడిటర్ కూడా వచ్చారు. అయినా అక్షరాల తీరు తెలియాలంటే ఆ పాత జాబితాయే మంచి ఆధారం. అందులో ‘ఇ’ 1,233 సార్లు, ‘ఏ’ 979, ‘ఆర్’ 899, ‘టి’ 729, ‘ఎల్’ 719 సార్లు వస్తాయి. ‘యు’ 467 సార్లే. నాలుగు అచ్చులు ఒకేసారి తేలిపోతాయని చాలామంది ‘అడ్యూ’ (ADIEU)తో మొదలుపెడతారు కానీ, అచ్చులు తెలిసినంత మాత్రాన పదం బయటపడదు. పదాల్ని విడదీసేవి హల్లులు. స్లేట్, క్రేన్ రెండూ అంతకంటే మెరుగు. ఏదో ఒకటి పట్టుకుని రోజూ దానితోనే మొదలుపెట్టండి.

‘ఎస్’ను చివర పెట్టి గడి వృథా చేయకండి. 366 జవాబులు దానితో మొదలవుతాయి, దానితో ముగిసేవి 36 మాత్రమే. ‘ఎస్’ చేర్చి చేసే మామూలు బహువచనాలు జవాబుగా రావు. చివరి గడికి ‘ఇ’ గానీ ‘వై’ గానీ చూడండి.

పాత జాబితా మీద కంప్యూటర్‌తో లెక్క కట్టినప్పుడు, ఏ పొరపాటూ లేకుండా ఆడినా సగటు 3.42 ప్రయత్నాలు వచ్చింది. కాబట్టి మూడో వరసలో జవాబు రాకపోవడం వైఫల్యం కాదు. మిగిలిన పదాల్ని ఆ వరస ఎన్ని గుంపులుగా విడదీసిందన్నదే లెక్క.

ఒక ఆట చూద్దాం. మొదట స్లేట్ వేశారు. ‘ఏ’, ‘టి’ పసుపు, మిగతా మూడూ బూడిద. రెండోది వాచ్. మొదటి అక్షరం తప్ప నాలుగూ ఆకుపచ్చ. చూడ్డానికి గెలిచేసినట్టే ఉంటుంది. కానీ బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, మ్యాచ్, ప్యాచ్ అని ఇంకా ఐదు పదాలున్నాయి, ప్రయత్నాలు నాలుగే. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే ఐదింట ఒక వంతు ఓటమి ఖాయం.

ఇక్కడ జవాబు కాదని తెలిసీ చాంప్ (CHAMP) వేయాలి. ‘ఎమ్’ పసుపైతే మ్యాచ్. ‘పి’ పసుపైతే ప్యాచ్. మొదటి గడిలో ‘సి’ ఆకుపచ్చ అయితే క్యాచ్. ఈ మూడూ కాకపోతే బ్యాచ్, హ్యాచ్ మిగులుతాయి. ఏది జవాబైనా ఐదో ప్రయత్నం దాటదు. లైట్, ఫైట్, నైట్ కుటుంబంలోనూ, సౌండ్, రౌండ్, పౌండ్ కుటుంబంలోనూ ఇదే పద్ధతి: మొదటి అక్షరాలు కాగలవాటిని కాగితం మీద రాసుకుని, వాటిలో ఎక్కువ ఇమిడే పదం వెతకాలి.

రెండే పదాలు మిగిలితే ఇంత అక్కర్లేదు, ఒకటి వేసేయండి. మూడు మిగిలి, వాటిలో ఒకటి మిగతా రెండింటినీ విడదీసేదైతే అదే వేయాలి. అలాంటిది లేకపోతే, ప్రయత్నాలు రెండే ఉన్నప్పుడు ఆ మూడింటికీ బయటి పదమే దిక్కు.

దొరికిన సూచనలన్నీ తర్వాతి పదాల్లో వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో చాంప్ కుదరదు. దొరికిన ఆకుపచ్చను కదపనివ్వరు. అందుకే అక్కడ రెండో వరసలోనే జాగ్రత్త పడాలి. ఒక్క గడి తప్ప అన్నీ బిగుసుకుపోయే పదం వేసే ముందు, ఆ ఖాళీలో ఎన్ని అక్షరాలు పడతాయో లెక్కపెట్టండి.

జంట అక్షరాల దగ్గర రంగుల్ని తప్పుగా చదివి చాలామంది దెబ్బతింటారు. జవాబు అబైడ్ (ABIDE) అనుకోండి, ఇందులో ‘ఇ’ ఒక్కటే. మీరు స్పీడ్ వేస్తే మొదటి ‘ఇ’ పసుపు, రెండోది బూడిద. ఆ బూడిద చూసి ‘ఇ’ లేదని కొట్టేయకూడదు. అది చెప్పేది రెండో ‘ఇ’ లేదని మాత్రమే. జవాబు క్రేప్ (CREPE) అయితే అందులో ‘ఇ’ రెండుసార్లు ఉంది కాబట్టి ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు వస్తాయి. కీబోర్డు మీద ఒక అక్షరానికి ఒకే రంగు కనిపిస్తుంది, కాబట్టి గడుల్లోనే చూసుకోవాలి.

మనం బడిలో నేర్చింది బ్రిటిష్ స్పెల్లింగు, ఈ ఆటది అమెరికన్. హ్యూమర్, ఫేవర్ మనకు ఆరక్షరాల పదాలు గనక తలపుకే రావు. 2022లో ఆ రెండూ జవాబులయ్యాయి. అదే ఏడాది బేస్‌బాల్ మాట హోమర్ (అంటే హోమ్ రన్) వచ్చినప్పుడు ఎంతమంది డిక్షనరీ తిరగేశారంటే, కేంబ్రిడ్జ్ నిఘంటువు దాన్నే ఆ ఏటి మేటి పదంగా ప్రకటించింది. చివరి గడిలో ‘ఆర్’ ఆకుపచ్చగా కనిపించి ఏమీ తట్టకపోతే, కలర్, లేబర్, ఫైబర్ లాంటి వాటిని అమెరికన్ స్పెల్లింగులో ఒకసారి రాసి చూడండి.